రూపాయి బిళ్ళ నిలబడేదాకా

పీణ్య రెండో స్టేజీలో వాన వెలిసిన మధ్యాహ్నం
ఆరు మీటర్ల అల్యూమినియం కడ్డీలు దిగాయి,
గూడ్స్ ఆటో వెనక్కి బారెడు పొడుచుకొచ్చి
కొసలకు ఎర్రగుడ్డ కట్టుకుని.
రెండేసి కడ్డీలు భుజాన వేసుకుని
ఈల వేస్తూ లోపలికొచ్చాడు కుర్రాడు.
చాంద్‌బాషా అది చూసి నవ్వాడు:
"ఇంత తేలికదాన్ని నమ్మి మిషన్ ఎక్కిస్తావామ్మా?"

ఆయనది కదిరి.
ఇరవై ఆరేళ్ళుగా ఈ షెడ్డులో ప్రతి ఫ్రేమూ
ఆయన అతికినదే.
కుడి ముంజేతి మీద నిప్పురవ్వల మచ్చలు,
ఎవరో నువ్వులు చల్లినట్టు.

పోయినేడు సంగతి నేను ఎత్తలేదు.
ఆ మందుసీసాల మిషన్.
చదరపు గొట్టాలు కోసి, మూలమట్టం పెట్టి అతికితే
చల్లారేసరికి ఒక మూల మూడు మిల్లీమీటర్లు లేచింది.
సుత్తి, గ్యాసు మంట, తిట్లు. మూడు రోజులు.
అది దారికొచ్చిందనుకునే లోపే
కస్టమర్ సీసా ఎత్తు మార్చాడు.
మళ్ళీ కోత, మళ్ళీ అతుకు, మళ్ళీ రంగు.
"కాలిన ఇనుం పగబడుతుందమ్మా"
అని అప్పుడు అన్నదీ ఆయనే.

దాసరహళ్ళి గదిలో రాత్రిళ్ళు
కేటలాగు పొట్ట మీద పెట్టుకుని పడుకున్నాను.
నాలుగు పక్కలా గాడి ఉన్న కడ్డీ.
గాడిలో నట్టు జార్చి పావుచుట్టు తిప్పితే
అడ్డం తిరిగి కూర్చుంటుంది, అలిగిన పిల్లలా.
విప్పితే మళ్ళీ జరుగుతుంది.
మనసు మార్చుకున్నా మచ్చ పడని లోహం!
కానీ అదే కొలతకు
ఉక్కు ఒకటి వంగే చోట ఇది మూడు వంగుతుంది.
నలభై నలభై చాలదు.
నలభై ఐదు తొంభై, తొంభై వైపు నిలువుగా.
ఎత్తు రెట్టింపైతే వంపు ఎనిమిదోవంతు.
ఈ ఒక్క లెక్క కోసం
నా నాలుగేళ్ళ కాలేజీ ఫీజు క్షమించాను.

ఓనరు శివలింగయ్య ధర చూసి కళ్ళద్దాలు తీశాడు.
"కిలో లెక్కన చూడకండి సార్,
మార్చాల్సి వచ్చిన రోజు లెక్కన చూడండి."
కళ్ళద్దాలు పెట్టుకుని సంతకం చేశాడు,
పెన్ను మాత్రం రెండుసార్లు ఆగింది.

ఆరు రోజుల్లో నిలబెట్టాం.
మిషన్ చెయ్యి నిమిషానికి నలభైసార్లు
అటు విసిరి, ఇటు ఆగి.
చాంద్‌బాషా జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి
పై దూలం మీద అంచున నిలబెట్టాడు.
మూడో విసురుకే పడిపోయింది.
ఎవ్వరూ మాట్లాడలేదు.
బిళ్ళ దొర్లుకుంటూ డ్రిల్లింగ్ మిషన్ కిందికి పోయింది.

ఆయన నవ్వుతాడనుకున్నాను.
చేతిగుడ్డ విప్పి, అరచెయ్యి వెనక కాలు మీద పెట్టి
కళ్ళు మూసుకున్నాడు,
జ్వరం చూస్తున్నట్టు.
"ఈ కాలు ఏడుస్తా ఉంది."
డయల్ గేజీకి దొరకనిది:
కింది మూలలో ఒక్క బోల్టు,
చేత్తో బిగించి టార్క్ రెంచి మరిచిపోయాం.
మరిచిపోయిందెవరో నాకు తెలుసు. నేనే.

సుద్దముక్కతో గీత గీశాడు:
ఇక్కడొక ఏటవాలు కమ్మీ పడల్ల,
మూలమూలకూ ముక్కోణం బిళ్ళ పడల్ల.
"ఇంకోటి. పైనంతా నీ తేలికది ఉండనీ,
కింద పీఠం నాకొదిలెయ్.
ఇరవై మిల్లీమీటర్ల ఇనుప ప్లేటు,
అతికినాక మెషినింగ్‌కు పంపుతా, వంకర మిగలదు."
నేను లెక్క చూసుకున్నాను. ఆయన చెప్పిందే సరి.
అప్పటికే ఆయన ముఖానికి అద్దం దించుకున్నాడు,
షెడ్డంతా నీలంగా వెలిగింది.

తర్వాతి గురువారం, అదే బిళ్ళ,
చీపురుపుల్లతో బయటికి లాగింది.
పది విసుర్లు. యాభై.
భోజనాల సైరన్ మోగినా అది నిలబడే ఉంది,
అంచు మీద సన్నగా వణుకుతూ,
పడకుండా.

చాంద్‌బాషా దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు.
"టీ పన్నెండు రూపాయలమ్మా.
నాది ఒకటుంది. మిగతాది నువ్వియ్యల్ల."